సలహా చెప్పే ముందు చేతికి పని

(బేగం బజార్‌లో ఇంజినీరింగ్ పట్టభద్రులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ఇంజినీరు ఉద్యోగమా, కన్సల్టింగా? నిర్వాహకులు నాకిచ్చిన అంశమిది. వినడానికి గచ్చిబౌలిలో అడగవలసిన ప్రశ్నలా ఉంటుంది. కాని నాంపల్లిలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగే మన పిల్లలు ఈ గల్లీల నుంచే బయలుదేరుతున్నారు. బంజారాహిల్స్‌లో ముఫఖంజా కళాశాల 1980లో, ఇక్కడికి కూతవేటు దూరంలోని దారుస్సలాంలో దక్కన్ కళాశాల 1984లో వెలిశాయి. తరువాత ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చింది. 2007 చట్టంతో వచ్చిన బి.సి.-ఇ 4 శాతం రిజర్వేషన్ కోర్టు వ్యాజ్యాల నడుమ నిలబడుతూ వస్తున్నది. గిన్నెల దుకాణంలో గుమాస్తా కొడుకు, హమాలీ కూతురు ఇంజినీర్లయ్యారు.

అయితే ఒక లోటు ఉంది. దేశంలో 20 ఏళ్లు దాటినవారిలో పట్టభద్రులు, డిప్లొమా చదివినవారు 7 శాతం ఉంటే, ముస్లింలలో 4 శాతం కూడా లేరని 2006లో సచార్ కమిటీ నమోదు చేసింది. ఆనాటి యువకులే నేటి తండ్రులు. అందుచేత మన ఇళ్లలో తొలి ఇంజినీరుకు దారి చెప్పే మామయ్య గాని, పెద్దన్న గాని ఉండడు. ఆ ఖాళీలోకి బోర్డు పెట్టుకున్న ప్రతివాడూ ప్రవేశిస్తాడు.

కన్సల్టింగ్ అన్న మాటకు మన నగరంలో మూడు అర్థాలున్నాయి. మొదటిది అసలైనది. ఒక బ్యాంకుకో, మందుల కంపెనీకో, ప్రభుత్వ శాఖకో వారి పని ఎలా నడపాలో లెక్కలు తీసి చెప్పే వృత్తి. రెండవది, మనుషులను చేర్చుకొని వేరే కంపెనీల పనికి పంపి నడుమ తన వాటా ఉంచుకొనే వ్యాపారం. మూడవది, వీసా, సీటు, గల్ఫు ఉద్యోగం ఇప్పిస్తానని గది అద్దెకు తీసుకొన్న ఏజెంటు. మూడింటికీ బోర్డు ఒక్కటే. బేగం బజార్‌లో పుట్టినవారికి దుకాణదారుకూ దలాలుకూ తేడా నేను చెప్పనక్కరలేదు. దలాలీలోనూ నీతిమంతులున్నారు. కాని సరుకు ఎవరిదో తెలియకుండా బేరం చేయం గదా?

అసలైన సలహావృత్తి ఎలా పుడుతుందో ఈ నగర చరిత్రే చెబుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ వైపు ఇళ్లను, ప్రాణాలను తీసుకుపోయింది. ఆ మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని ప్రత్యేక సలహా ఇంజినీరుగా పిలిపించింది. ఆయన 1884 నుంచి బొంబాయి ప్రభుత్వ కొలువులో కాలువలు, ఆనకట్టలు, తాగునీటి పనులు చేసినవారు. కొలువు విడిచిన తరువాతనే ఆయన సలహా కోసం ఒక రాజ్యం కబురు పంపింది. ఆ సలహాకు ఫలితంగా నిలిచినవి 1920 నాటి ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్.

మరొక పేరు మన పిల్లలకు తెలియవలసినంతగా తెలియదు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. 1877 జూలై 11న హైదరాబాదులో పుట్టి, ప్రభుత్వ విద్యార్థి వేతనంతో ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజినీరింగ్ చదివి, 1899లో ఇక్కడి పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంటు ఇంజినీరుగా చేరారు. మంజీరపై నిజాంసాగర్ ఆయన కట్టించినదే. 1929లో సింధు నదిపై సుక్కూరు బ్యారేజీ వ్యవహారాన్ని పరిశీలించి నివేదిక ఇమ్మని బొంబాయి ప్రభుత్వం కోరినది విశ్వేశ్వరయ్యగారిని, ఆయనను. అంటే కొలువులో చేరిన ముప్పై ఏళ్లకు. ఆయన జన్మదినమే నేడు తెలంగాణ ఇంజినీర్ల దినోత్సవం.

ముప్పై ఏళ్లు ఆగమని నేననడం లేదు. నేటి లోకం వేరు. ఇరవై రెండేళ్ల పిల్లవాణ్ణి కన్సల్టింగ్ సంస్థ తీసుకొనేది అతని అనుభవం కోసం కాదు, పెద్దల అనుభవానికి అతని శ్రమ జోడించడానికి. రెండేళ్లలో మూడు పరిశ్రమలు చూస్తాడు. నలుగురిలో మాట్లాడడం, నివేదిక రాయడం వస్తుంది. తొలి జీతం కూడా చాలాసార్లు ఎక్కువే. మన పిల్లలకు దొరకని గదుల తలుపులు అక్కడ తెరుచుకుంటాయి. దీన్ని తక్కువ చేయను.

కాని మన విషయంలో ఒక లెక్క అదనంగా వేసుకోవాలి. సుఖదేవ్ థోరట్, పాల్ అటివెల్ అనే పరిశోధకులు సమాన అర్హతలున్న దరఖాస్తులను వేరువేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపి, 2007లో ఫలితం ప్రచురించారు. అగ్రకుల హిందువు పేరుతో పోల్చితే ముస్లిం పేరుకు పిలుపు దక్కే అవకాశాల నిష్పత్తి మూడో వంతు దగ్గర తేలింది. చదువు అదే, పేరొక్కటే తేడా. సలహావృత్తిలో మనిషి ముందు వెళతాడు, పని తరువాత కనిపిస్తుంది. ఇంజినీరు పనిలో కట్టిన స్లాబు, రాసిన ప్రోగ్రాము, నడిచిన యంత్రం ముందుగా సాక్ష్యం చెబుతాయి. అందుకని నా అభిప్రాయం: రెండూ సమానంగా చేతికి వస్తే, మన పిల్లలు మొదటి మూడు నాలుగేళ్లు చూపించగల పని ఉన్నచోట గడపడం మేలు. ఆ సాక్ష్యం వెంట ఉంటే కన్సల్టింగ్ తలుపు తరువాతనైనా తట్టవచ్చు. ఇంట్లో అప్పు ఉంటే, చెల్లెలి చదువు ఆగిపోతుంటే, ఎక్కువ జీతం వైపు వెళ్లండి. అందులో తప్పు లేదు, సిగ్గు అసలే లేదు.

ఏది ఎంచుకున్నా బోర్డు చూడకండి. మొదటి ఆరు నెలలు నాచేత ఏ పని చేయిస్తారని అడగండి. కన్సల్టింగ్ అని చేర్చుకొని టెస్టింగ్‌లో కూర్చోబెట్టేవారున్నారు. ఇంజినీరని చేర్చుకొని ఎక్సెల్ నింపించేవారూ ఉన్నారు. అమ్మాయిల తండ్రులు పని గురించి అడగరు, ఇంటికి ఎన్నింటికి వస్తుందని అడుగుతారు. సరే, అదీ అడగండి. రాత్రి షిఫ్టుంటే వాహనం, భద్రత కల్పించడం యాజమాన్యం బాధ్యత. ఆ ఒక్క కారణంతో ఆఫర్ వెనక్కి పంపకండి.

ఇక రెండవ, మూడవ రకాల సంగతి. లేని అనుభవాన్ని కాగితంపై సృష్టించి ఉద్యోగం ఇప్పిస్తామనేవారు నగరంలో కొల్లలు. కళాయి పూసినంత మాత్రాన చిల్లుగిన్నె నీళ్లు నిలుపుతుందా? వెనుకటి కొలువు వివరాలు విచారించిననాడు ఆ ఉద్యోగం పోతుంది, పేరూ పోతుంది. అలా వచ్చిన జీతం హలాల్ అవునో కాదో ఇంట్లో పెద్దలను అడగండి. బాండు కాగితాలను తేలికగా తీసుకోకండి. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు చెల్లించాలన్న విజయా బ్యాంకు షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సంతకానికి ముందే చదవండి. అసలు సర్టిఫికెట్లు ఎవరి బీరువాలోనూ పెట్టకండి.

గల్ఫుకు పంపే ఏజెంటు విదేశాంగ శాఖ వద్ద నమోదై ఉండాలి. 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మించి అతను తీసుకోరాదు, రశీదు ఇవ్వాలి. అమెరికా హెచ్-1బి వీసాపై తీసుకుపోయిన యజమాని దరఖాస్తు ఖర్చును ఉద్యోగి నెత్తిన వేయకూడదు, ప్రాజెక్టు లేదని బెంచిపై కూర్చోబెట్టి జీతం ఆపకూడదు. ఇది అక్కడి నిబంధన. బయటి నుంచి వచ్చే కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుమని 2025 సెప్టెంబరులో ప్రకటించారు. ఇంత మార్పు తరువాత కూడా పాత మాటలే చెప్పి డబ్బు అడుగుతున్నవాడి ముందు ఎందుకు కూర్చోవాలి?

మష్వరా అమానత్ వంటిదని మన పెద్దలు నేర్పారు. అందుచేత నాకు తెలిసినంతే చెప్పాను. ఆఫర్ లెటర్లు, బాండు కాగితాలు వెంట తెచ్చుకున్నవారు అసర్ నమాజు తరువాత ఇక్కడే ఉండండి. ఒక్కొక్కటి తీసి షరతులు చదువుదాం. తల్లిదండ్రులు కూడా పక్కన కూర్చోవాలి.