ఇంటిపన్ను – ఊరి స్వరాజ్యము

(నంద్యాలలోను ఆళ్లగడ్డలోను పఠనమందిర సభలయందు గావించిన ఉపన్యాసము)



స్వరాజ్యమనగా ఢిల్లీలోనో, అమరావతిలోనో జరుగు వ్యవహారమని తలంచువారు మనలో పెక్కురు గలరు. మా అభిప్రాయమున స్వరాజ్యము మన వాకిటిముందరి మురుగుకాలువకడనే ఆరంభమగుచున్నది. ఆ కాలువ పూడిపోయినప్పుడు ఎవరి నడుగవలయునో, దానిని తీయించుటకు సొమ్ము ఎచ్చటినుండి వచ్చునో ఎఱుగని పురవాసి చేతిలో వోటుండియు అతని స్వాతంత్ర్యము సగమే. పురపాలక సంఘపు ఆదాయవ్యయములు నేటి మన విషయము. ఇది అంకెల విషయము, పొడిగా నుండును. అయినను ఇంటిపన్ను రసీదు లేని గడప మన ఊళ్లలో అరుదు గనుక, ఈ విషయము సంబంధింపని మనుష్యుడు ఈ సభలో లేడు.

ముందుగా కొంత పూర్వచరిత్రము. చెన్నరాజధానిలో 1865లో పట్టణాభివృద్ధి చట్టము పుట్టెను. పేరు అభివృద్ధి, పట్టణపు పోలీసు ఖర్చులో పెద్దభాగమును పట్టణవాసుల నెత్తిన వేయుట దాని ముఖ్యకార్యములలో నొకటి. రిప్పను ప్రభువు 1882లో స్థానిక స్వపరిపాలనమును గూర్చి తీర్మానము చేసిన పిమ్మట, 1884లో జిల్లా మునిసిపాలిటీల చట్టము వచ్చెను. మన నంద్యాల పురపాలక సంఘము 1899లో ఏర్పడెను. అనగా ఒకటింబావు శతాబ్దముగా ఈ యూరు తన వీథులకు తానే పన్ను కట్టుకొనుచున్నది.

పన్ను ఎంత యని మాత్రమేగాక, దానిని వేయువాడెవడని అడుగుటను ఆంధ్రులకు నేర్పినది చీరాల–పేరాల. ఆ రెండు గ్రామములను గలిపి 1919లో మునిసిపాలిటీ చేసిరి. అంతకుముందు ఏటికి నాలుగు వేలుగా నుండిన పన్ను నలువది వేలకు ఎక్కెనని చరిత్రము చెప్పుచున్నది. ప్రజలు మాకీ మునిసిపాలిటీ వలదనిరి. కౌన్సిలర్లు రాజీనామా లిచ్చిరి. ప్రభుత్వము జీతగాడైన చైర్మనును నియమించి పన్ను వసూలునకు దిగెను. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులు ఇండ్లు విడిచి, ఊరివెలుపల రామనగరమని పాకలు వేసికొని పదునొకండు నెలలు కాపురముండిరి. వారు పన్ను కట్టలేని పేదలు గనుక మాత్రమే ఇట్లు చేసిరనుట పొరపాటు. తమ యిచ్ఛ లేకుండ, తమకు లెక్క చెప్పనివాడు తమ సొమ్ము తీసికొనరాదని వారి పట్టుదల.

ఇక నేటి స్థితి. 1992లో చేయబడి 1993 జూన్ 1వ తేదీన అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము పురపాలక సంఘములకు రాజ్యాంగమున పీఠము వేసినది. నీటిసరఫరా, పారిశుద్ధ్యము, రోడ్లు, దీపములు, మురికివాడల బాగు మొదలగు పదునెనిమిది విషయములు పండ్రెండవ షెడ్యూలులో నెక్కినవి. పనులు ఎక్కినంత సులభముగా సొమ్ము దిగలేదు.

మద్దిలేరు మొదలగు వాగులు కుందూలో కలియునట్లు, పురపాలక సంఘపు ఖజానాలో నాలుగు వాగులు కలియుచున్నవి. మొదటిది మన ఇంటిపన్ను, ఖాళీస్థలపు పన్ను, కుళాయిపన్ను. రెండవది ఇల్లు కట్టుటకు అనుమతిరుసుములు, వ్యాపారపు లైసెన్సులు, సంతల గుత్తలు, మునిసిపల్ దుకాణముల అద్దెలు. మూడవది స్థిరాస్తి రిజిస్ట్రేషనుపై వేసెడి అదనపు సుంకమువంటివి. వీనిని వసూలు చేయువారు రాష్ట్రప్రభుత్వమువారు, మన వాటాను తరువాత పంచువారును వారే. నాలుగవది ఆర్థికసంఘపు గ్రాంటులు, పథకముల నిధులు. మొదటి రెండు వాగుల పుట్టుక మన ఊరిలోనే. కడపటి రెంటి తూము తాళములు పైవారి చేతిలో నున్నవి.

ఈ భేదము గ్రహించిన తక్కిన దంతయు తేటపడును. పైనుండి వచ్చు సొమ్ము షరతులతో వచ్చును. 15వ ఆర్థికసంఘము 2021 నుండి 2026 వరకు మన వంటి పట్టణములకు చెప్పిన గ్రాంటులలో నూటికి అఱువది పాళ్లు పారిశుద్ధ్యమునకు, త్రాగునీటికి ముడివేసెను; తక్కిన నలువది పాళ్లనైనను జీతములకు వాడరాదనెను. ఆ షరతులు చెడ్డవని మేమనము. నీరు, శుభ్రత – ఇంతకన్న అవసరమేమి? కాని ఒక వీథికి తక్షణము కావలసినది వంతెన యైనచో, కౌన్సిలు ఆ ముడిపడిన సొమ్మునుండి ఒక్క రూపాయి యైన తీయజాలదు. పైచేతి సొమ్ము కాలమునుబట్టియు వచ్చును. నంద్యాలలో 2017 ఆగస్టున శాసనసభ ఉపయెన్నిక జరిగినప్పుడు రోడ్ల విస్తరణకు కలిగిన తొందర మీరు చూచినదే. ఉపయెన్నికలు ఏటేట రావు; మురుగు దినదినము పారును.

కావున ఊరికి నిజమైన బలము మొదటి వాగు. దాని కథ వినుడు. చిరకాలము ఇంటిపన్నును అద్దెవిలువనుబట్టి కట్టుచుండిరి. 2020 నవంబరులో చట్టము మార్చి, 2021–22 నుండి ఆస్తియొక్క మూలధన విలువనుబట్టి కట్టుట మొదలిడిరి. నివాసగృహములకు విలువలో నూటికి 0.10 మొదలు 0.50 వరకు; ఇతర కట్టడములకు 0.20 మొదలు 2 వరకు. 375 చదరపు అడుగులు మించని సొంత నివాసమునకు ఏటికి 50 రూపాయలు మాత్రమే. ఇరువది లక్షల విలువగల ఇంటికి కనిష్ఠపు రేటున రెండు వేలు, గరిష్ఠపు రేటున పదివేలు అగును. అంతే విలువగల దుకాణమునకు నాలుగు వేలనుండి నలువది వేలవరకు కావచ్చును. ఈ ఎడమలో ఎచ్చట నిలువవలయునో తీర్మానించుట కౌన్సిలు పని. అనగా మీ కౌన్సిలరు చేయి ఎత్తుటయందు మీ కొన్ని వేల రూపాయలున్నవి.

ఇచ్చట న్యాయవాదులుగా మేమొక్క సంగతి మనవి చేసెదము. ఈ చట్టము మారిన 2020 నవంబరునాడు మన రెండూళ్లలోను ఎన్నికైన కౌన్సిలు లేదు. 2014లో ఎన్నికైన కౌన్సిళ్ల గడువు 2019లో ముగిసెను. మరల ఎన్నికలు 2021 మార్చి 10వ తేదీన జరిగెను. నడుమ ప్రత్యేకాధికారుల పాలనము. ఆ కాలమున పన్ను ఆగలేదు, ప్రతినిధి మాత్రము లేకపోయెను. అయిదేండ్ల గడువు ముగియకమునుపే ఎన్నిక జరుపవలయునని రాజ్యాంగము చెప్పుచుండగా ఇట్లు జరిగెను. చీరాల జీతగాని చైర్మనును సహింపని జాతివారము, దీనిని గూర్చి ఒక్క సభయైన చేసితిమా?

చెత్తపన్ను ఉదాహరణమును చూడుడు. 2021లో క్లాప్ అను పేరిట ఇంటింటి చెత్త సేకరణకు నెలనెల ఛార్జీ రాష్ట్రమందలి పెక్కు పట్టణములలో వేసిరి. జనులకది కంటగింపయ్యెను. 2024 అక్టోబరు 2వ తేదీన మచిలీపట్నమున ముఖ్యమంత్రి దానిని రద్దు చేయుదుమని ప్రకటించిరి. అందఱము సంతసించితిమి. సంతసము న్యాయమే, ఏలయన 1965 మునిసిపాలిటీల చట్టము మూలమున ఇంటిపన్నును విభాగించినప్పుడే సాధారణ వ్యయము, నీరు–మురుగు, దీపములు, పారిశుద్ధ్యము అని నాలుగు పాళ్లు చెప్పెను. ఒకే చెత్తకు రెండుమారులు చెల్లింపుమనుట యుక్తము గాదు. కాని ఛార్జీ పోయిన మాత్రమున చెత్త పోవునా? బండి నడువవలయును, దానిని నడపువానికి జీతము చేరవలయును. 2023 డిసెంబరు 26 మొదలు పారిశుద్ధ్య కార్మికులు రాష్ట్రమంతట సమ్మె చేసినప్పుడు, వీథులలో పెరిగిన కుప్పలే వారి కష్టమునకు సాక్ష్యము చెప్పినవి. తెల్లవారకమునుపు మన వాకిలి శుభ్రము చేయువాని కూలి ఊరి బడ్జెటులో మొదటి పద్దు గావలెనని మా మతము. దానికి తగిన సొమ్ము ఇంటిపన్నులోనుండి రావలయునన్న, ఇంటిపన్ను నిజముగా వసూలు గావలయును.

వసూలులో అన్యాయ మెచ్చటనున్నది? ఏప్రిలు నెలలోనే ఏడాది పన్ను కట్టువానికి నూటికి అయిదు తగ్గింపు. బకాయిదారునకు నెలకు నూటికి రెండు వడ్డీ. ఇంతవరకు ధర్మమే. పిమ్మట అప్పుడప్పుడు వడ్డీమాఫీ ప్రకటింతురు. గడువులో కట్టిన చిన్న గృహస్థు మోసపోయినవాడగును. ఏండ్లతరబడి బిగపట్టిన పెద్ద కట్టడపు యజమాని తెలివిగలవాడగును. అంతస్తులు పెరిగినను లెక్కలో పెరుగని మేడలు, నివాసమని వ్రాయించుకొని దుకాణము నడపు ఇండ్లు – ఇవి ఊరిసొమ్మునకు కన్నములు. ఈ కన్నములు పూడ్చినగాని పేదవాని రేటు తగ్గింపుమని అడుగుటకు మనకు నోరుండదు.

ఇంకొక చిన్నపద్దు ఈ మందిరమునకు దగ్గఱిది. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల వంతున గ్రంథాలయపు సెస్సు చేరియున్నది. అది మునిసిపాలిటీ సొమ్ము గాదు. వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు చేర్చవలసినది. ఏటికి ఎంత వసూలయ్యెనో, ఎంత చేరెనో పత్రికలు చదువవచ్చు మనము గాక ఎవరడుగుదురు?

ఆళ్లగడ్డ సోదరులతో ప్రత్యేకముగా ఒక మాట. మీ యూరు పంచాయతీగా నుండి పురపాలక సంఘమైనది. హోదా పెరిగినది, సంతోషము. కాని పంచాయతీనాడు వోటరులందఱు కూర్చుండి లెక్క అడుగుటకు గ్రామసభ యుండెను. పురమైనంతనే ఆ సభ పోయినది. వార్డు కమిటీలన్ననో, రాజ్యాంగము మూడు లక్షలు జనాభాగల పురములకే విధించినది. 2011 లెక్కలలో రెండు లక్షలు దాటిన నంద్యాలయే ఆ గీతకు దిగువనుండగా, ఆళ్లగడ్డ మాట చెప్పనేల? బండఱాతిని దైవముగా మలచు శిల్పులు గల ఊరు మీది. ఊరిసభను మలచుకొనుట మీకు కష్టమా? రాజ్యాంగము విధింపకున్నంతమాత్రమున నిషేధించినట్లు గాదు.

అందుచే మా విన్నపము లివి. వార్డునకొక పౌరసభ మూడు నెలలకొకమారు కూడవలయును. కౌన్సిలరును పిలువవలయును, వచ్చిన గౌరవింపవలయును, రాకున్న ఆ సంగతి వ్రాసి గోడకు అంటింపవలయును. బడ్జెటు ప్రతిని తెప్పించి ఈ మందిరమున బల్లపై నుంచవలయును. ఈయకున్న 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద అడుగవలయును. అందులో నాలుగు అంకెలు చాలును: రావలసిన పన్నెంత, వచ్చినదెంత, జీతములు–దీపములు–నీళ్లకు పోయినదెంత, మన వార్డునకు మిగిలినదెంత. కార్యనిర్వహణాధికారము ప్రభుత్వము నియమించిన కమీషనరు చేతిలో నున్నది గనుక, కౌన్సిలరు నడిగి ఊరకొనక కమీషనరునుగూడ వ్రాతమూలముగా అడుగవలయును.

అడుగుటకుముందు కట్టవలయును. నాడు పరప్రభుత్వమునకు పన్ను నిరాకరించుట దేశసేవ. నేడు మన కాలువకు మనము కట్టవలసిన పన్ను ఎగవేయుట ఎదురింటివాని సొమ్ము తినుట. రసీదు చేతబట్టినవాని ప్రశ్నకు ఉన్న బరువు బకాయిదారుని ఉపన్యాసమునకు లేదు. ఈ ఏటి రసీదును, ఈ ఏటి ప్రశ్నను రెంటిని సిద్ధము చేసికొని వచ్చు సభకు రండు.