అమ్మతో చెప్పించిన మాటలు



తండ్రీకొడుకుల మధ్య ఎడం గురించి మాట్లాడమన్నారు. ఎడం అనగానే నాకు వంటిల్లు గుర్తొస్తుంది. ఫీజు, సైకిలు, చివరికి పెళ్లి... కొడుకు ఏది అడగాలన్నా "నాన్నకు నువ్వే చెప్పమ్మా" అంటూ అక్కడికే చేరతాడు. జవాబూ ఆ దారినే వస్తుంది: "కుదరదని వాడితో చెప్పు." వాడు పక్కగదిలోనే ఉంటాడు!

మీకందరికీ తెలిసిన ఇంటి సంగతే తీసుకుందాం. 1977లో 'దానవీరశూరకర్ణ' సినిమాలో ఎన్టీ రామారావు గారు కృష్ణుడు, ఆయన కొడుకు, హరికృష్ణ అర్జునుడు. కొడుకు రథానికి తండ్రి సారథి. ఐదేళ్లు తిరిగేసరికి తండ్రి ఎన్నికల ప్రచారంలో చైతన్యరథం అనే వ్యాను మీద నిలబడి ఊరూరా ప్రసంగిస్తుంటే స్టీరింగ్ కొడుకు చేతిలో ఉంది. అలాంటి ఇద్దరు 1995 ఆగస్టులో చెరో వైపయ్యారు. ముఖ్యమంత్రిగా ఉన్న రామారావు గారి మీద తిరగబడ్డ ఎమ్మెల్యేలు వైస్రాయ్ హోటల్లో చేరినప్పుడు హరికృష్ణ, బాలకృష్ణ తమ బావ చంద్రబాబు పక్షాన నిలిచారు. సెప్టెంబరు 1న చంద్రబాబు ముఖ్యమంత్రి అయ్యారు. 1996 జనవరి 18న పెద్దాయన కన్నుమూశారు. నాలుగున్నర నెలలు, అంతే.

అధికారం, పార్టీ, 1993లో రామారావు గారి రెండో పెళ్లి... కారణాలు చాలా చెబుతారు. తప్పొప్పులు తేల్చడం నా పని కాదు. నాకు కనిపించేది ఒక్కటే: హరికృష్ణ తల్లి బసవతారకం గారు 1985లోనే వెళ్లిపోయారు. అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసే అమ్మ అప్పటికి లేదు.

2006లో 'బొమ్మరిల్లు' సినిమా చూసి మగవాళ్లు కళ్లెందుకు తుడుచుకున్నారు? ప్రకాష్‌రాజ్ వేసిన ఆ తండ్రి దుర్మార్గుడేం కాదు, కొడుక్కి అన్నీ తనే చూసిపెట్టేవాడు. ఆ కొడుకు చివరికి నోరు తెరిచి తన బాధను సూటిగా తండ్రితోనే చెప్పుకుంటాడు. హాల్లో కూర్చున్న చాలామంది ఇంట్లో ఎన్నడూ చేయని పని అది.

జూబ్లీహిల్స్ సినిమావాళ్ల కొడుకులకు తండ్రి పేరే తొలి పోస్టరు. 1986లో నాగార్జున 'విక్రమ్', వెంకటేశ్ 'కలియుగ పాండవులు' ఒకే ఏడాది వచ్చాయి. కొండ దిగితే కృష్ణానగర్. అక్కడ నాన్నతో తగువుపడి, చెప్పాపెట్టకుండా బస్సెక్కి వచ్చిన కొడుకులుంటారు.

ఎవరి పేరున ఈ సభ జరుగుతోందో ఆ మిత్రుడూ అలా వచ్చినవాడే. ఎన్ని సినిమాలకు తండ్రీకొడుకుల సీన్లు రాశాడో! తెర మీద పేరు మాత్రం పడలేదు. నాన్నకు ఒక్క ఉత్తరం రాయలేదు. డబ్బు చేతికొస్తే అమ్మ పేరున మనియార్డరు కట్టేవాడు. ఆవిడకు చదువు రాదు. తిరిగొచ్చిన రసీదులన్నీ ట్రంకుపెట్టెలో దాచుకున్నాడు. అతను పోయాక నేనే వాటిని తీసి చూశాను. ప్రతి రసీదు మీదా అమ్మ వేలిముద్ర, దాని పక్కన సాక్షిగా నాన్న సంతకం.