కడుపులోని బిడ్డకు వైద్యము
(విసాపూరు ఉగాది సభలో చేసిన ప్రసంగము)



నేను వైద్యుడను కాను, రైల్వే గుమాస్తాను. మా రెండవ బిడ్డ కడుపులోనే పోయినాడు. గ్రహణదోషమని అందరము నా ఇల్లాలినే నిందించితిమి. ఆమె రక్తము ఆర్‌హెచ్ నెగటివ్ అని తరువాత తెలిసినది. బిడ్డ పాజిటివ్ అయితే, మొదటి కాన్పులో తల్లి రక్తమున పుట్టిన విరోధము తరువాతి బిడ్డ రక్తమును విరుగగొట్టును.

అట్టి బిడ్డకు 1963లో న్యూజిలాండులో లిలీ అను వైద్యుడు తల్లి పొట్టగుండా సూది దింపి రక్తమెక్కించినాడు. 1981లో అమెరికాలో హారిసన్ గర్భము తెరచి, బిడ్డ మూత్రమునకు దారి చేసి, మరల కుట్టినాడు. 2023లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ద్రాక్షపండంత గుండెలో బెలూను ఉంచి, మూసుకొన్న కవాటమును తెరచినారు.

ఈ వైద్యములకు వేళ తప్పరాదు. బండి దాటిన తరువాత టిక్కెట్టెందుకు? నెల తప్పగానే రక్తము గ్రూపు చూపించండి. అయిదవ నెలలో అవయవముల స్కానింగు చేయించండి. ఆడా మగా అని అడుగవద్దు. తల్లి నెగటివ్, పుట్టిన బిడ్డ పాజిటివ్ అయితే 72 గంటలలో యాంటీ-డి సూది వేయించండి. మా మొదటి కాన్పునాడు ఆ మాట ఎవరూ చెప్పలేదు, మేమూ అడుగలేదు.

ఈ ఏడాది మీరు అడగండి. కోడలిని మాత్రము నిందింపకండి.