డేగ మేకలు కాసిన కథ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

‘మీకు నచ్చిన పుస్తకం గురించి పది నిమిషాలు మాట్లాడండి’ అన్నారు మన కార్యదర్శి గారు. ఇంజనీరుకి మైకు ఇస్తే బాయిలర్ల గురించి చెబుతాడని భయపడి, అంశం కూడా వారే ఇచ్చారు. నేను దాన్ని కొంచెం మార్చుకున్నాను. నాకు ఎంతో నచ్చిన కథల వరసలో నాలుగోదిగా వచ్చి, నన్ను నిలువునా నిరాశపరిచిన పుస్తకం గురించి చెబుతాను.

మన బడి లైబ్రరీ మీకు గుర్తుందా? హెడ్‌మాస్టరు గారి గది పక్కన ఒక ఇనప బీరువా. అందులో కింది అరలో బైండు చేసిన పాత చందమామలు. దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలు, చిత్రా గారి బొమ్మలు. మాంత్రికులు, రాక్షసులు, పాడుబడ్డ కోటలు. మధ్యమధ్య కొన్ని నెలల సంచికలు ఉండేవి కావు. ఆ లోటు కథలని మేమే వేపచెట్టు కింద కూర్చుని అల్లుకునేవాళ్లం. అయితే ఒక్కటి మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. కథ అయిపోయాక ఆ వీరుడు ఏమయ్యాడు? ముసలివాడైతే ఏం చేశాడు? పదేళ్ల పిల్లలకి ఆ ప్రశ్న ఎందుకు వస్తుంది?

ఇంజనీరింగ్ చదవడానికి హైదరాబాద్ వెళ్లాక, ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది. ఉర్సులా లెగ్విన్ అనే అమెరికన్ రచయిత్రి రాసిన ఎర్త్‌సీ నవలలు మూడూ కలిపిన సంపుటం. మొదటిది 1968లో వచ్చింది, మూడోది 1972లో. చుట్టూ సముద్రం, వందల దీవులు. గాంట్ అనే దీవిలో మేకలు కాసుకునే కుర్రాడు గెడ్. ఊళ్లో వాళ్లు అతన్ని ఒక డేగ పేరుతో పిలుస్తారు. ఆ లోకంలో ప్రతి వస్తువుకీ ఒక నిజమైన పేరు ఉంటుంది. ఆ పేరు తెలిసినవాడి మాట అది వింటుంది. గెడ్ రోక్ దీవిలోని మాంత్రికుల బడికి వెళ్లి ఆ పేర్లన్నీ వల్లెవేస్తాడు. గర్వంతో ఒక నీడని లోకంలోకి వదిలి, దాన్ని సముద్రాలు దాటి వెంటాడతాడు. రెండో పుస్తకంలో చీకటి సమాధుల మధ్య పూజారిణిగా పెరిగిన టెనార్ అనే పిల్లని బయటికి తెస్తాడు. మూడో దానిలో మృతుల లోకం దాకా వెళ్లి, తన శక్తినంతా ధారపోసి, లోకానికి పడ్డ చిల్లు పూడుస్తాడు. చివరికి డ్రాగన్ వీపు మీద ఇంటిదారి పడతాడు.

హాస్టల్లో ఆ పుస్తకం నేను నాలుగుసార్లు చదివాను. పరీక్షల ముందు రోజు కూడా చదివాను. ఆ ఫలితం మార్కుల జాబితాలో కనిపించింది.

1993లో బొంబాయిలో మొదటి ఉద్యోగం. ఫ్లోరా ఫౌంటెన్ దగ్గర పేవ్‌మెంట్ మీద అదే రచయిత్రి పేరు కనిపించింది. పుస్తకం పేరు టెహాను. 18 ఏళ్ల తరవాత, 1990లో వచ్చిన నాలుగో నవల. జీతం రావడానికి ఇంకా వారం ఉంది. రెండు రోజుల భోజనం డబ్బులు పెట్టి కొన్నాను.

మొదటి పేజీ నుంచీ వెతుకుతున్నాను, మా గెడ్ ఎక్కడ అని. కథంతా టెనార్ చుట్టూ తిరుగుతుంది. ఆ పూజారిణి పిల్ల ఇప్పుడు నడివయసు విధవ. రైతుని పెళ్లాడి, ఇద్దరు పిల్లల్ని పెంచి, పొలం చూసుకుంటోంది. కన్నవాళ్లే మంటల్లో పడేసిన ఒక పసిపిల్లని సాకుతోంది. చాలాసేపటికి గెడ్ వస్తాడు. డ్రాగన్ మీదే వస్తాడు, కానీ ఒంట్లో మంత్రం లేదు. కొత్త రాజు పట్టాభిషేకానికి రమ్మని మనుషుల్ని పంపితే, సిగ్గుతో వాళ్లకి కనబడకుండా పారిపోతాడు. కొండ మీదకి పోయి మళ్లీ మేకలు కాస్తాడు.

22 ఏళ్లవాణ్ణి. ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఇన్నేళ్లు ఎదురుచూసింది ఇందుకా? గిన్నెలు, పాలు, మేకలు! ఎవరో నన్ను మోసం చేసినట్టే అనిపించింది. మా రూమ్మేటుతో ‘ఈవిడకి కథలు అయిపోయాయిరా’ అన్నాను. పుస్తకం ట్రంకు పెట్టె అడుగున పడేశాను.

ఇక్కడ కొంచెం నా ఉద్యోగం గురించి చెప్పాలి. భయపడకండి, బాయిలర్ల జోలికి పోను.

నేను పాతికేళ్లకు పైగా థర్మల్ కేంద్రాల్లో టర్బైన్ల దగ్గర పనిచేశాను. టర్బైను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. కంపనం కొలిచే మీటర్లు ఎన్ని ఉన్నా, స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి వినే అలవాటు మాది. ఏ బేరింగ్ తేడాగా ఉందో మీటరు చెప్పేలోపు నేను చెప్పేవాణ్ణి. జూనియర్లు నన్ను ‘స్టెతస్కోప్ సార్’ అనేవారు. నిజమైన పేర్లు తెలిసిన మాంత్రికుడిలా తిరిగేవాణ్ణి.

51వ ఏట ఆ చెవులే పోయాయి. పూర్తిగా కాదు. ఆడియోగ్రామ్‌లో గీత 4000 హెర్ట్జ్ దగ్గర గోతిలో పడ్డట్టు దిగిపోయింది. ఎడమ చెవి మరీను. వయసులో ఉన్నప్పుడు చెవులకి ప్లగ్గులు పెట్టుకోమంటే ‘అవి పెట్టుకుంటే మెషిను మాట వినపడదు’ అన్నది నేనే. కాబట్టి తప్పు నాదే. నన్ను టర్బైన్ ఫ్లోర్ నుంచి ఆఫీసులో కుర్చీకి మార్చారు. గౌరవంగానే మార్చారు. కానీ నాకు తల కొట్టేసినట్టయింది.

మీలో కొందరికి ఇప్పుడు ఒక సంగతి అర్థమవుతుంది. మూడేళ్లపాటు ఈ సంఘం నుంచి ఎవరు ఫోన్ చేసినా నేను ఎత్తలేదు. వార్షికోత్సవాలకి రాలేదు. ‘పెద్దవాడైపోయాడు, మనం కనబడం’ అని మీరు అనుకున్నారట. ఫోన్లో మాట సగమే వినిపించేది. ‘ఆఁ? ఏంటీ?’ అని పదిసార్లు అడగడానికి సిగ్గు. క్లాసులో వెనక బెంచీ గుసగుసలు కూడా విని మాస్టారికి చెప్పేసేవాణ్ణి కదా నేను!

ఆ రోజుల్లోనే ఒకనాడు అటక మీది ట్రంకు పెట్టె దించితే, అడుగున టెహాను దొరికింది. వేరే పని లేక చదివాను. రాజు మనుషులకి కనబడకుండా గెడ్ పారిపోయే చోటికి వచ్చేసరికి పుస్తకం మూసి, కాసేపు బాల్కనీలో కూర్చున్నాను.

టెనార్ అతని మీద జాలిపడుతుంది, విసుక్కుంటుంది కూడా. ఆమె ఎప్పుడో ఓజియన్ అనే గొప్ప మాంత్రికుడి దగ్గర చదువు వదిలేసి, మంత్రాలేవీ లేకుండానే ఒక జీవితం గడిపింది. గెడ్ ఇప్పుడు కొత్తగా అడుగుపెట్టిన చోట ఆమె ఏనాటి నుంచో కాపురం ఉంటోంది. దుర్మార్గులు ఆమె ఇంటి మీద పడిన రాత్రి, గెడ్ రైతులు గడ్డి ఎత్తే పంగలకర్రతో అడ్డుపడతాడు. మంత్రదండం లేదు. చేతికి దొరికిన పనిముట్టు, అంతే. 22 ఏళ్లప్పుడు ఆ పేజీ చదివిన జ్ఞాపకం కూడా లేదు నాకు.

మొదటి మూడు పుస్తకాలూ మగవీరుల గాథల బాటలోనే రాశానని తరవాత ఆ రచయిత్రే చెప్పుకున్నారు. ఆ 18 ఏళ్లలో ఆమె పెద్దవారయ్యారు, తన మనుషుల్ని కూడా పెద్దవాళ్లని కానిచ్చారు. ఎదగనిది నేనే. నా హీరో హాస్టల్ మంచం మీద వదిలిన చోటే ఉండాలని పట్టుబట్టాను.

అలాగని పుస్తకం మీద నా ఫిర్యాదులన్నీ వెనక్కి తీసుకోవడం లేదు. ఆస్పెన్ అనే విలన్ మరీ పల్చగా ఉంటాడు. చివర్లో డ్రాగన్ వచ్చి కాపాడే తీరు తొందరపడి ముగించినట్టే ఉంటుంది. ఇప్పటికీ నా మొదటి ఇష్టం మొదటి పుస్తకమే. కానీ పనికొచ్చిన పుస్తకం మాత్రం ఇదే. 2018లో ఆవిడ కన్నుమూశారు. ఉత్తరం రాసి క్షమించమని అడిగే అవకాశం నాకు లేకపోయింది. ఆ క్షమాపణ మీకు చెబుతున్నాను.

గుడిలో, పెళ్లిలో, చివరికి మన బడిలో కూడా ‘అప్పటిలా లేదు’ అనే మాట మనందరం అంటూనే ఉంటాం. పొద్దున వచ్చేసరికి వేపచెట్టు లేదు, ఆ చోట సైకిల్ షెడ్డు ఉంది. నా గుండె కలుక్కుమంది. షెడ్డులో నిలబడ్డ ఆడపిల్లల సైకిళ్లు లెక్కపెట్టాను, నలభై రెండు. మా బ్యాచ్‌లో సైకిల్ మీద వచ్చిన అమ్మాయి ఒక్కరూ లేరు. చెట్టు పోయిందన్న బాధ పోలేదు. కానీ ఆ లెక్క కూడా మరచిపోలేను.

ఒక మనవి చేసి ముగిస్తాను. ఇక మీదట మీ ఫోన్లు ఎత్తుతాను, కాస్త గట్టిగా మాట్లాడండి. భోజనాల దగ్గర నా పక్కన కూర్చునేవాళ్లు కుడివైపు కూర్చోండి. నా గురించి ఏమైనా గుసగుసలాడాలంటే ఎడమవైపు ఖాళీగానే ఉంది.