కొళాయి కట్టుదము



మధుమేహమో రక్తపోటో లేని యిల్లు మన సంఘములలో అరుదైపోయినది. మందులకై ఆసుపత్రికి పోవుచున్నాము గాని, జబ్బు ఏ దారిన వచ్చెనో విచారించుట లేదు.

అట్లు విచారించినవాడు డాక్టర్ డెనిస్ బర్కిట్. 1911లో ఐర్లండులో జన్మించిన ఈ శస్త్రవైద్యుడు 1946లో ఉగాండాకు వెళ్లెను. పాశ్చాత్య దేశములలో సాధారణమైన అపెండిసైటిస్, పెద్దప్రేగు క్యాన్సరు అక్కడి పల్లెవాసులలో బహు అరుదని గమనించెను. వారి భోజనములో పీచు అధికము. పాశ్చాత్యుల తెల్లరొట్టెలో అది స్వల్పము. ఆయన సహకారి డాక్టర్ హ్యూ ట్రోవెల్ తూర్పు ఆఫ్రికాలో చిరకాలము వైద్యము చేసి, పిమ్మట గురువుగా అభిషేకము పొందెను. వీరిరువురి సంపాదకత్వమున 1975లో ఈ విషయమై గ్రంథము వెలువడెను.

బర్కిట్ తన ప్రసంగములలో ఒక బొమ్మ చూపెడివాడు: కొళాయి పొర్లుచుండగా మనుష్యులు నేల తుడుచుచుందురు, కొళాయి కట్టువాడు లేడు!

పీచు ఒక్కటే సర్వరోగనివారిణి కాదు. వైద్యుడిచ్చిన మాత్రలు మానరాదు. అయినను పొట్టుతీయని ధాన్యములు తినువారికి మధుమేహము, గుండెజబ్బుల ముప్పు తక్కువని తరువాతి పరిశోధనలును చూపినవి. మన తాతల జొన్నరొట్టె, రాగిసంకటి, దంపుడు బియ్యము, ఆకుకూర పప్పు అట్టి ఆహారమే. రాబోవు ప్రేమవిందులో వాటిని వడ్డించుదము. నేల తుడుచుట మానక, కొళాయియు కట్టుదము.