వచ్చిన జట్టుకు పూచీ ఎవరిది?

చీపురుపల్లిలో చేసిన స్మారకోపన్యాస పాఠం



మనం ఇవాళ స్మరించుకుంటున్న మాస్టారు మన బడిలో డ్రిల్లు చెప్పారు. పిల్లల్ని బయటి ఊరు పోటీలకు పంపేముందు ఆయన ఏం అడిగేవారో ఈ సభలో చాలామందికి గుర్తే. రైలు దిగాక స్టేషనుకు ఎవరొస్తారు? ఆడపిల్లలకు బస ఎక్కడ? రాత్రి ఆ గది తాళం ఎవరి దగ్గరుంటుంది? ఈ మూడింటికీ జవాబొచ్చాకే జట్టు కదిలేది. ఒక దేశం తన జట్టును మరో దేశానికి పంపేటప్పుడు అడగాల్సినవీ ఈ ప్రశ్నలే. వాటిని అడగడం, వాటికి నిజాయితీగా జవాబివ్వడం మిత్రదేశాలకు కూడా తేలిగ్గా అబ్బలేదు. ఆ చరిత్రను, ముఖ్యంగా మన హైదరాబాదుకు సంబంధించిన భాగాన్ని, ఇవాళ మీ ముందు పెడతాను.

1972లో మ్యూనిక్ ఒలింపిక్స్ జరిగాయి. హిట్లర్ కాలపు 1936 బెర్లిన్ క్రీడల మచ్చ తుడుచుకోవాలని పశ్చిమ జర్మనీ ఆరాటపడింది. తుపాకులు, యూనిఫాంలు కనిపిస్తే పాత జర్మనీ గుర్తొస్తుందని కాపలాను పలుచన చేసింది. సెప్టెంబరు 5 తెల్లవారుజామున ఎనిమిదిమంది పాలస్తీనా సాయుధులు క్రీడాగ్రామంలోకి చొరబడ్డారు. ఆ రాత్రి ముగిసేసరికి 11 మంది ఇజ్రాయెల్ క్రీడాకారులు, శిక్షకులు, ఒక జర్మన్ పోలీసు బలైపోయారు. ఇజ్రాయెల్ గూఢచారి సంస్థ అధిపతి జ్వీ జమీర్ స్వయంగా అక్కడికి వచ్చారు. విమానాశ్రయంలో జరుగుతున్నదంతా నిలబడి చూడడం తప్ప ఆయన చేతికి ఏ అధికారమూ రాలేదు. రెండు దేశాల మధ్య స్నేహం ఉంది, రాయబారులున్నారు. ఆపద వేళ ఎవరి మాట ఎవరు వినాలన్న ఒప్పందం మాత్రం లేదు. పైగా జర్మనీ రాజ్యాంగం ప్రకారం పోలీసు వ్యవస్థ రాష్ట్రాలది. అందువల్ల ఆ రాత్రి రంగంలోకి దిగింది అటువంటి పనికి శిక్షణలేని బవేరియా రాష్ట్ర పోలీసులు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మన దేశంలోనూ పోలీసు రాష్ట్ర జాబితాలోని అంశమే.

జర్మనీ రాష్ట్రపతి ఆ కుటుంబాలను క్షమాపణ కోరింది 2022లో. యాభై ఏళ్లు పట్టింది.

మ్యూనిక్ తరువాత ప్రతి ఆతిథ్య దేశమూ కాపలా పెంచింది. ఇరుగుపొరుగు సాయాన్ని బహిరంగంగా, పద్ధతిగా తీసుకున్నది మాత్రం 2004లో ఏథెన్స్. న్యూయార్క్ దాడుల తరువాత జరిగిన మొదటి వేసవి ఒలింపిక్స్ అవి. గ్రీసు చిన్న దేశం. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, స్పెయిన్, ఇజ్రాయెల్, ఆస్ట్రేలియా అనే ఏడు దేశాలతో ఒక సలహా బృందాన్ని కూర్చుకుంది. గగనతల నిఘాకు నాటో విమానాలొచ్చాయి. తన ఇంటి కాపలాకు పక్కవాడి సలహా అడగడాన్ని నామోషీగా తలచకపోవడమే గ్రీసు గొప్పతనమని నేననుకుంటాను.

ఇక అప్పటి మన ఉమ్మడి రాష్ట్రానికి వస్తాను.

2003 అక్టోబరు 24న హైదరాబాదులో ఆఫ్రో ఆసియా క్రీడలు మొదలయ్యాయి. రెండు ఖండాల నుంచి జట్లు వచ్చాయి. సరిగ్గా ఆ నెల 1వ తేదీనే తిరుపతి అలిపిరి దగ్గర ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు కాన్వాయ్ మీద మందుపాతరలు పేలాయి. ముఖ్యమంత్రి ప్రాణానికే పూచీలేదనిపించిన రాష్ట్రానికి మూడు వారాల్లో అన్ని దేశాల బిడ్డలు ఎలా వస్తారని ఎవరైనా అడిగితే తప్పు పట్టలేం. అయినా వచ్చారు. పాకిస్తాన్ హాకీ జట్టు కూడా వచ్చింది. పార్లమెంటు మీద దాడి తరువాత రెండు దేశాల సైన్యాలు సరిహద్దులో నెలల తరబడి ఎదురెదురుగా నిలబడిన సంవత్సరం అప్పటికి ఇంకా పాతబడలేదు. ఫైనల్లో మనవాళ్లు పాకిస్తాన్‌ను ఓడించారు. ఆ మ్యాచి జరగడమే నా దృష్టిలో పతకం కన్నా పెద్ద సంగతి.

2007 ఇంకా కఠినమైన పరీక్ష. మే నెలలో మక్కా మసీదులో బాంబు పేలింది. ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్ దగ్గర జరిగిన పేలుళ్లలో 40 మందికి పైగా పోయారు. అక్టోబరు 14న అదే నగరంలో ప్రపంచ సైనిక క్రీడలు ప్రారంభమయ్యాయి. దాదాపు వంద దేశాల సైనిక క్రీడాకారులు పాల్గొన్నారు. వచ్చినవాళ్లు సైనికులు కాబట్టి భయపడలేదని కొందరంటారు. నాకు అది సరిపోయిన జవాబు అనిపించదు. సైన్యాల మధ్య నేరుగా మాట్లాడుకునే దారి అప్పటికే ఉంది. ఒక దేశపు అధికారి మరో దేశపు అధికారిని అడగగలడు, అవతలివాడు దాచకుండా చెప్పగలడు. ఆ దారి లేని ఆటలకు ఏమవుతుందో రెండేళ్లకే తెలిసింది.

2009 ఆగస్టు గురించి కాస్త నిదానంగా చెబుతాను. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో 10వ తేదీన ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు మొదలుకావాలి. లష్కరే తోయిబా నుంచి ముప్పు ఉందని పత్రికల్లో వార్త వచ్చింది. పోటీలకు ఒక్కరోజు ముందు, 9న, ఇంగ్లండ్ జట్టు తప్పుకొని ఇంటిదారి పట్టింది. ఆస్ట్రియా ఆటగాళ్లు ఇద్దరు తప్పుకున్నారు. మిగతా జట్లు ఉండిపోయాయి. ఇంగ్లండ్ నిర్ణయం ఆ దేశ బ్యాడ్మింటన్ సంఘానిది, ప్రభుత్వానిది కాదు. మన వైపు చాలామందికి కోపం వచ్చింది, పిరికివాళ్లన్నారు. నేను ఆ మాట అనను. అంతకు ఐదు నెలల ముందే, మార్చి 3న, లాహోరులో శ్రీలంక క్రికెటర్ల బస్సు మీద తూటాలు కురిశాయి. ఆటగాళ్లు గాయపడ్డారు, వాళ్లకు కాపలాగా వచ్చిన పోలీసులు చనిపోయారు. ఆ జట్టుకు కూడా గట్టి భద్రత ఇస్తామని ముందే మాటిచ్చారు. మరి ఇంగ్లండ్‌లో కూర్చున్న ఒక క్రీడాసంఘం అధికారి, ఎవరి మాట నమ్మాలి?

ఇక్కడే ఇంకో ఇంగ్లండ్ జట్టును పక్కన పెట్టి చూడండి. 2008 నవంబరులో ముంబయి దాడుల వేళ వాళ్ల క్రికెట్ జట్టు మన దేశంలోనే ఉంది. మిగిలిన వన్డేలు రద్దయ్యాయి, జట్టు వెళ్లిపోయింది. కానీ వాళ్ల భద్రతా సలహాదారు రెగ్ డికాసన్ వచ్చి ఏర్పాట్లు చూసుకున్నాడు. అహ్మదాబాద్, ముంబయిల్లో జరగాల్సిన టెస్టులను చెన్నైకి, మొహాలీకి మార్చారు. డిసెంబరు 11న చెన్నైలో టెస్టు మొదలైంది. 387 పరుగులు ఛేదించిన ఆ మ్యాచిని, సచిన్ సెంచరీని మీరు మరచిపోయి ఉండరు. ఒకే దేశం, ఎనిమిది నెలల తేడా. ఒక జట్టు తనవాణ్ణి పంపి తాళం ఎవరి దగ్గరుందో కనుక్కొని మరీ వచ్చింది. రెండోది ఆ పని జరగకుండానే వెళ్లిపోయింది. క్రికెట్‌కు డబ్బుంది, సొంత సలహాదారుణ్ణి పెట్టుకోగలదు. బ్యాడ్మింటన్, కుస్తీ, వెయిట్‌లిఫ్టింగ్ లాంటి ఆటలకు ఆ స్తోమత ఎక్కడిది? వాటికి ప్రభుత్వమే కన్ను కావాలి, రాయబార కార్యాలయమే చెవి కావాలి.

2009 మే నెలలో ఆస్ట్రేలియా కూడా డేవిస్ కప్ టెన్నిస్‌కు చెన్నై రానంది, ఆడకుండానే ఓటమి ఒప్పుకుంది. ఐపీఎల్‌ను ఎన్నికల బందోబస్తు కారణంగా దక్షిణాఫ్రికాకు తీసుకుపోయారు. హైదరాబాదు జట్టు డెక్కన్ చార్జర్స్ ఆ కప్పు గెలిచింది, సొంతగడ్డ మీద ఒక్క మ్యాచి ఆడకుండా.

గచ్చిబౌలి పోటీలు ఏ అపశ్రుతీ లేకుండా 16న ముగిశాయి. లిన్ డాన్, లూ లాన్ విజేతలు. సైనా నెహ్వాల్ క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది. ఏమీ జరగలేదు కాబట్టి ఇంగ్లండ్‌ది తప్పని వాదించడం నాకు నచ్చదు. జరగకపోవడానికి గేటు దగ్గర నిలబడ్డ మన పోలీసులు కారణం, ఆ ఘనత వాళ్లది. కానీ మిత్రదేశపు జట్టుకు ఆ ఏర్పాట్లను విడమరచి చెప్పి నమ్మించే దారి ముందే వేసుకోకపోవడం రెండు ప్రభుత్వాల లోపం.

ఎందుకిలా? విదేశీ రాయబారి మాట్లాడేది ఢిల్లీతో. గేటు దగ్గర నిలబడేది రాష్ట్ర పోలీసు. పైన ఇచ్చిన మాట కిందికి చేరాలి, కింద తెలిసిన సంగతి పైకి పోవాలి. మన కనకమహాలక్ష్మి అమ్మవారి జాతరకు పక్క ఊళ్ల నుంచి పోలీసులను రప్పించినప్పుడు, ఏ సందు ఎక్కడికి తేలుతుందో స్థానిక కానిస్టేబులు వాళ్లకు చెప్పకపోతే ఎంతమంది వచ్చినా జనం తొక్కిడి ఆగదు. దేశాల మధ్య అయినా అంతే.

ఈ చిక్కు ఇంకా తీరలేదు. 2023 సెప్టెంబరు 27 రాత్రి పాకిస్తాన్ క్రికెట్ జట్టు ప్రపంచకప్ కోసం హైదరాబాదులో దిగింది. 29న న్యూజీలాండ్‌తో సన్నాహక మ్యాచి. గణేశ్ నిమజ్జనం, మిలాదున్నబీ ఒక్కసారే రావడంతో స్టేడియానికి చాలినంత బందోబస్తు ఇవ్వలేమని నగర పోలీసులు చెప్పారు. ప్రేక్షకులు లేకుండా ఖాళీ స్టేడియంలో ఆడించారు. పోలీసులు చెప్పింది నిజం. అటువంటి నిజం చెప్పడానికి ధైర్యం కావాలి. పండుగ తేదీలు క్యాలెండరులో ముందే ఉన్నా, మ్యాచి తేదీ నిర్ణయించేవారికి ఆ సంగతి సకాలంలో పట్టలేదన్నదే నా బాధ. అక్టోబరు 10న శ్రీలంక మీద 345 పరుగులు ఛేదించిన పాకిస్తాన్‌కు ఉప్పల్ జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల వెనుక ఎంత బందోబస్తు ఉందో తలచుకుంటే మన పోలీసులకు దండం పెట్టాలనిపిస్తుంది.

సాయం తీసుకోవడమే కాదు, ఇప్పుడు మనం ఇస్తున్నాం కూడా. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు ఫ్రాన్స్ నలభైకి పైగా దేశాలను పోలీసు సాయం అడిగింది. మన దేశం పది జాగిలాల బృందాలను పంపింది. సీఆర్పీఎఫ్‌కు చెందిన వాస్ట్, డెన్బీ అనే బెల్జియన్ మాలినాయిస్ జాగిలాలు అందులో ఉన్నాయి. బెంగళూరు దగ్గరి తరళు కేంద్రంలో శిక్షణ పొందినవి. జులై 26న సేన్ నది మీద పడవలో పి.వి.సింధు మన పతాకం పట్టుకుంది. ఆ ఉదయమే ఫ్రాన్స్ హైస్పీడ్ రైలు మార్గాల మీద విద్రోహ చర్యలు జరిగాయి. అయినా ఊరేగింపు ఆగలేదు. అంతకు రెండేళ్ల ముందు కతార్ ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు టర్కీ మూడువేల మందికి పైగా పోలీసులను పంపింది. కాపలా ఇప్పుడు ఉమ్మడి పని అయిపోయింది.

మరి ఇదంతా చీపురుపల్లికి ఎందుకు? మన నెల్లిమర్ల పక్కనున్న కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014లో గ్లాస్గో వెళ్లి 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది. మొదట కాంస్యం, స్వర్ణం గెలిచిన అమ్మాయి డోపింగ్‌లో దొరికాక అది రజతమైంది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ వెళ్లింది. ఈ ఊళ్ల తల్లిదండ్రులు విదేశాంగ శాఖకు ఫోన్ చెయ్యలేరు. టీవీలో పేలుడు వార్త చూసి రాత్రంతా కూర్చుంటారు. రెండు దేశాల హోం శాఖలు పంచుకున్న సమాచారంలో వాళ్లకు చెప్పదగినదైనా వాళ్లకు చేరాలి.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి. 2010లో ఢిల్లీ క్రీడలకు రెండు వారాల ముందు జామా మసీదు దగ్గర విదేశీ పర్యాటకుల మీద కాల్పులు జరిగినప్పుడు ఎన్ని దేశాల ఇళ్లల్లో నిద్రపట్టి ఉండదో ఊహించండి. ఈసారి ప్రతి అతిథి జట్టుకూ ఒక పోలీసు అధికారి, ఒక ఫోన్ నంబరు, ఆ జట్టు భాషలో జవాబిచ్చే మనిషి ముందే ఏర్పాటు కావాలని కేంద్రానికి రాద్దాం. మన జిల్లా క్రీడాధికారులను కూడా ఒకటి అడుగుదాం. ఇక్కడి నుంచి ఏ బిడ్డ పరదేశం వెళ్లినా, బస చిరునామా, అక్కడి మన రాయబార కార్యాలయం నంబరు తెలుగులో రాసిన కాగితం బయల్దేరేముందే తల్లి చేతిలో పెట్టాలి. ఆ వినతిపత్రం ముసాయిదా రాసి తెచ్చాను. సభ ముగిశాక అందరూ చదివి సంతకం చెయ్యవలసిందిగా కోరుతున్నాను.