తూకమునకు వేసిన ఇనుము

(మన సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఇంగ్లండు దేశమున చెడ్వర్తు అను పల్లెవద్ద 1864లో రోమనుల కాలపు గృహమొకటి బయటపడెను. రంగురాళ్ళు పొదిగిన నేలను చూచినవారందరికిని దాని విలువ తెలిసినది. 1924 నుండి అది నేషనల్ ట్రస్టువారి సంరక్షణలో నున్నది. మన ధర్మపురి సీమ భూమి అట్టి వేడుక చూపదు. చేనిలో గుండ్లు వలయముగా నుండును, అంతియే. బండలతో గూడు కట్టినట్లున్నచో మనవారు రాకాసిగుళ్ళనియు, పాండవుల గుళ్ళనియు అందురు.

2004 వరకు మన జిల్లాలోనిదై, ఇప్పుడు కృష్ణగిరి జిల్లాలో నున్న మయిలాడుంపారై సంగతి వినుడు. నెమలి ఆడు బండ యని ఆ పేరునకు అర్థము. అచట తమిళనాడు పురావస్తు శాఖవారు త్రవ్వి తీసిన నమూనాలను అమెరికాలో పరీక్షింపగా, ఇనుము వాడుక క్రీ.పూ. 2172 నాటికే కలదని తేలినది. 2022 మే నెలలో ముఖ్యమంత్రి స్టాలిన్ గారు శాసనసభలో ఈ సంగతి ప్రకటించిరి. పిమ్మట 2025లో తూత్తుక్కుడి జిల్లా శివగళై అంతకంటెను పూర్వపుదని ప్రకటింపబడెను. అందువలన మన పొరుగు గ్రామపు గౌరవమేమియు తగ్గలేదు. విజయనగర ప్రభువుల నాడు ఇచటికి వచ్చినవారమని మనము చెప్పుకొందుము. అది ఐదారు వందల యేండ్ల మాట. ఇది నాలుగువేల యేండ్ల మాట.

మేము ఇనుప సామానుల అంగడివారము. పదునైదేండ్ల క్రిందట మా చేనిలో గోదాము కట్టునపుడు, వలయముగా నున్న గుండ్లను యంత్రముతో పెకలించి పునాదిలో వేయించితిమి. అడుగున నల్లని, ఎఱ్ఱని కుండపెంకులును, తుప్పుపట్టిన ఇనుపముక్క యొకటియు కనబడెను. పెంకులను మట్టితో పారబోయించితిమి. ఇనుమును పాతసామానుతో కలిపి తూకమునకు వేసితిమి. ఎంత వచ్చినదో జ్ఞాపకము లేదు, చిల్లరయే.

తెలియక చేసితిమనుట సగమే నిజము. భూమి పోవునను భయముచేత నోరు మూసికొంటిమి. ఆ భయము ఉత్తది కాదు. కేంద్ర ప్రభుత్వము సంరక్షిత స్థలముగా ప్రకటించినచో, చుట్టును నూరు మీటర్లలో క్రొత్త కట్టడము కూడదని 2010 నాటి చట్ట సవరణ చెప్పుచున్నది. కాని తెలిపిన ప్రతి చేనును సర్కారు పట్టుకొనునని తలచుట వట్టి పుకారు. 1878 నాటి నిక్షేప చట్టము ప్రకారము, నేలలో దాగియుండి దొరకిన వస్తువు విలువ పది రూపాయలకు మించినచో కలెక్టరునకు వ్రాతమూలకముగా తెలుపవలెను. మన చేలలో ఇట్టి వలయములున్నచో, యంత్రము పిలువకమునుపు మాకు ఒక మాట చెప్పుడు. అర్జీ మేమే వ్రాసి, మీ వెంట కలెక్టరు కచేరికి వచ్చెదము.

మా గోదాము తూర్పు గోడ క్రింద ఆరు గుండ్లు ఇప్పటికిని బయటికి కనబడుచున్నవి. చూడగోరువారు అంగడి మూసిన పిదప ఎప్పుడైనను రావచ్చును.